ప్రకృతి యను పెద్ద యిల్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో బాలబాలికల నుద్దేశించి చేయబడిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా అందులకు మూలకారణ మొక్కటియే: పుస్తకము తీసికొనిపోయినవారు దానిని తిరిగి తెచ్చి యిచ్చిరి. తీసికొనిన ప్రతివాడును తన యింటనే యుంచుకొనినచో రెండవ యేటికే బీరువాలు ఖాళీ యగును. మూడవ యేట తలుపునకు తాళము పడును. ప్రకృతియు నట్టి గ్రంథాలయమే. అందలి మన్ను, నీరు, గాలి ఎవరికిని సొంతము కావు. చెట్టు మన్నునుండి తీసికొని పశువున కిచ్చును. పశువు మరల మన్నున కిచ్చును. మన్ను మరల చెట్టున కిచ్చును. ఈ యిచ్చిపుచ్చుకొనుటను గూర్చి తెలుపు శాస్త్రమే జీవావరణ శాస్త్రము.

1866వ సంవత్సరమున జర్మనీ దేశపు జీవశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ హెకెల్ ఈ శాస్త్రమునకు ‘ఇకాలజీ’ యని పేరు పెట్టెను. గ్రీకు భాషలో ‘ఓయికోస్’ అనగా ఇల్లు. ఇంటిని గూర్చిన శాస్త్రమని దాని భావము. ఒక యింటిని తెలిసికొనవలెనన్న గోడలు కొలిచిన చాలదు. ఆ యింట ఎవరెవరున్నారు, ఎవరు సంపాదింతురు, ఎవరు వండుదురు, ఎవరు తిందురు, చెత్త నెవరు ఊడ్తురు, ఒకరు లేచిపోయినచో తక్కినవారి గతి యేమి, అని విచారింపవలెను. ప్రకృతి విషయమునను అంతియే.

ఊరి చెరువు

దూరమేల? ఊరి చెరువునే చూడవచ్చును. గట్టుపై నిలిచినవానికి నీరు, తూడు, తామరాకులు, నాలుగు కొంగలు మాత్రమే కనబడును. కాని ఆ నీటిలో ఒక పెద్ద సంసారము నడచుచున్నది. నీటికి పచ్చదనము నిచ్చు నాచును, కంటికి కానరాని సూక్ష్మమైన మొక్కలును సూర్యకాంతి సాయమున నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి ఆహారమును తయారుచేయుచున్నవి. దీనికి కిరణజన్య సంయోగక్రియ యని పేరు. ఇట్లు తనకు తానై వండుకొన నేర్చినది పచ్చని మొక్క. మనుష్యుడు మొదలుగా గల జంతువులన్నియు దాని పంక్తిలో కూర్చుండి భుజించునవియే. అందుచేత మొక్కలను ఉత్పత్తిదారు లందురు.

నాచును నీటిపురుగులు తినును. వానిని పరిగెలు తినును. పరిగెలను కొర్రమీను మ్రింగును. కొర్రమీనును గ్రద్ద తన్నుకొనిపోవును. ఇవి వినియోగదారులు. ఈ వరుసకు ఆహారపు గొలుసని పేరు. నిజమునకది యొక్క గొలుసు కాదు. కప్ప పురుగును తినును, కప్పను పామును తినును, కొంగయు తినును. పామును గ్రద్ద తినును, ముంగిసయు తినును. ఇట్లు గొలుసులు ఒకదానితో నొకటి చిక్కుకొని వలవలె నుండును గనుక దానిని ఆహారపు వల యందురు. వలలో ఒక ముడి విడిపోయినచో చుట్టుప్రక్కల కన్నములు వదులగును.

ఇక చచ్చిన చేపయు, రాలిన ఆకును, పశువుల పేడయు ఏమగును? బాక్టీరియాలును బూజులును వానిని కుళ్లజేసి, అందలి సారమును లవణములుగా మార్చి తిరిగి నీటికప్పగించును. ఇవి విచ్ఛిన్నకారులు. ఇంటిలో వండి వడ్డించినవారిని అందరును మెచ్చుకొందురు. అంట్లు తోమినవారిని తలచువారుండరు. కాని అంట్లు తోమువారు లేని యింట మరునాడు పొయ్యి వెలుగదు. విచ్ఛిన్నకారులు పని మానినచో చెరువు శవముల గుట్టయగును. కొత్త మొక్కకు సారము దొరకదు.

ప్రాణులును, వాని చుట్టునున్న నీరు, మన్ను, వెలుతురు, వేడిమియు కలిసి పనిచేయు ఈ మొత్తమునకు 1935లో ఇంగ్లండు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆర్థర్ టాన్స్‌లీ ఒక పేరు పెట్టెను. దానిని తెలుగున ఆవరణ వ్యవస్థ యందురు. చెరువొక ఆవరణ వ్యవస్థ. వరిచేను ఒకటి, మామిడితోట ఒకటి, మహాసముద్రము ఒకటి.

ఒక్క చెరువులో ఇన్ని పక్షులు కొట్లాడుకొనక ఎట్లు బ్రతుకుచున్నవి? కొంగ లోతులేని యొడ్డున నిలిచి పొడుచును. లకుముకిపిట్ట కొమ్మపైనుండి దూకి పట్టును. నీటికాకి లోతున మునిగి చేపను వెంటాడును. బుడుబుంగ తూటాకుల మధ్య మునిగి పురుగులను ఏరుకొనును. ఒకే బజారులో వడ్రంగి, కమ్మరి, కుమ్మరి ఎవరి పని వారు చేసికొనునట్లు ప్రతి ప్రాణికి ఒక చోటును, ఒక వృత్తియు కలవు. చెరువునంతయు ఒకే లోతుగా త్రవ్వి, ఒడ్డునున్న తూటిని కోసివేసినచో నీరు పోలేదు కదా యని తోచును. కాని సగము వృత్తులకు చోటు పోయినది.

తిరిగి రానిది, తిరిగి వచ్చునది

చెరువులో పరిగెలు వేలుండగా కొర్రమీనులు పదులు మాత్రమేల? గ్రద్ద ఒకటియేల? అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున ఒక చిన్న సరస్సును రేమండ్ లిండెమన్ అను యువకుడు ఏండ్ల తరబడి పరిశీలించి ఈ ప్రశ్నకు సమాధానము వ్రాసెను. ఆ వ్యాసము 1942లో అచ్చగునప్పటికి ఆతడు జీవించి లేడు. ఇరువదియేడవ యేటనే మరణించెను. ఆతడు చూపిన మార్గమున తరువాతివారు స్థూలముగా తేల్చిన లెక్క యిది: ఒక మెట్టున నున్న శక్తిలో సుమారు పదవ వంతు మాత్రమే పై మెట్టునకు చేరును. తక్కినది ఊపిరి తీయుటకు, తిరుగుటకు, వేడిమిగా వ్యయమైపోవును. 1,000 పాళ్ల నాచునుండి 100 పాళ్ల పురుగులు, వానినుండి 10 పాళ్ల పరిగెలు, వానినుండి 1 పాలు కొర్రమీను. గ్రద్ద వంతునకు అందులో పదవ వంతే.

దీపములో పోసిన నూనె వెలుగిచ్చి పోవును, తిరిగి రాదు. శక్తియు అట్టిది. సూర్యుడు ప్రతిదినము క్రొత్తగా పోయుచున్నాడు గనుక దీపము వెలుగుచున్నది. కాని నత్రజని, భాస్వరము, నీరు, బొగ్గు మూలకము అట్లు క్రొత్తగా పైనుండి వచ్చునవి కావు. ఉన్నవానినే త్రిప్పి త్రిప్పి వాడుకొనవలెను. ఇవి గ్రంథాలయ పుస్తకముల వంటివి.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినను పైరు దానిని గాలినుండి సూటిగా తీసికొనలేదు. చిక్కుడు జాతి మొక్కల వేళ్లపై బుడిపెలలో నివసించు బాక్టీరియాలు ఆ నత్రజనిని పట్టి మొక్కకు ఇముడునట్లు చేయును. పెసర, మినుము, కంది వేసిన చేను మరుపంటకు బలముగా నుండుటకును, నాట్లకు ముందు జీలుగ, జనుము చల్లి కలియదున్నుటకును కారణమిది. ప్రయోగశాలలు లేని కాలమున పెద్దలు అనుభవముచే కనిపెట్టిన దానికి శాస్త్రము పేరు పెట్టినది.

వల తెగినచోట

ఈ సంగతులు పరీక్షలకు మాత్రమే కాదు, పంటకును సంబంధించినవి. వరికి సుడిదోమ పట్టినచో చేను సుడులు సుడులుగా ఎండిపోవునని రైతులందరెరుగుదురు. దానిని చంపుటకు విరివిగా మందు చల్లినచోట్ల తరచుగా దోమ తగ్గుటకు మారు పెరిగెను. ఏలయనగా దోమ గ్రుడ్లు ఆకుతొడిమలో దాగియుండి మందునకు దొరకవు. చేలో తిరుగుచు దోమను తిను సాలెపురుగులు మాత్రము ముందుగా చచ్చును. గ్రుడ్లు పిల్లలై వెలుపలికి వచ్చునప్పటికి కాపలావారు లేని యిల్లు దొరకును. ఇండొనేషియా దేశములో ఈ దోమవలన గొప్ప నష్టము కలుగగా 1986లో ఆ ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందులను నిషేధించి, చేను దిగి ఏ పురుగు మిత్రుడో, ఏది శత్రువో లెక్కించుట రైతులకు నేర్పెను. మందుల వాడకము తగ్గెను. ధాన్యపు దిగుబడి మాత్రము తగ్గలేదు.

కప్పల కథయు ఇట్టిదే. భారతదేశమునుండి కప్పకాళ్లు ఎంతో కాలము విదేశములకు ఎగుమతి యగుచుండెను. చేలలో పురుగులను తిను కప్ప తగ్గినచో ఆ పని పురుగుమందుచే చేయింపవలసివచ్చునని గ్రహించి 1987లో ప్రభుత్వము ఆ యెగుమతిని నిలిపివేసెను.

రాబందుల కథ మరింత విచారకరము. ఊరి వెలుపల పశువు చచ్చినచో ఎక్కడినుండియో రాబందులు దిగి కొన్ని గంటలలో ఎముకలు మాత్రము మిగిల్చి పోవుట పెద్దలు చూచినదే. 1990వ దశకమునుండి అవి అదృశ్యమైపోయెను. మూడు జాతుల రాబందులు నూటికి 95కు మించి నశించెను. తెగులని కొందరు, విషమని కొందరు తలచిరి. 2004లో కారణము బయటపడెను. పశువుల నొప్పులకు, జ్వరమునకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువు మాంసములో మిగిలియుండి, దానిని తినిన రాబందుల మూత్రపిండములను పాడుచేయుచుండెను. 2006లో పశువైద్యమున ఆ మందును భారత ప్రభుత్వము నిషేధించెను. దానికి బదులుగా రాబందులకు హాని చేయని మందు దొరకినది. కాని పెద్ద రాబందు జాతులు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. పదేండ్లలో పోయినది పదేండ్లలో రాదు. ఈ లోపల కళేబరములు కుక్కల పాలయ్యెను, కుక్కలు పెరిగెను, పిచ్చికుక్క కాటు భయమును పెరిగెను. ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. రైతు తన యెద్దు నొప్పి తగ్గవలెనని కోరెను, వైద్యుడు మందిచ్చెను. వల ఎంత దూరము అల్లుకొనియున్నదో ఇద్దరికిని తెలియదు. తెలియకపోవుటయే నష్టకారణము.

భూగోళముపై జీవమండలములు

ఇప్పుడు ఊరి పొలిమేర దాటి భూగోళమంతయు చూడవచ్చును. ఒక ప్రదేశమున ఏ మొక్కలు మొలచును, ఏ జంతువులు నివసించును అనునది ముఖ్యముగా రెంటిపై ఆధారపడియున్నది: వేడిమి, వర్షము. ఇవి రెండును ఒకే తీరుగా నుండు ప్రదేశములు వేరువేరు ఖండములలో నున్నను అచ్చటి ప్రకృతి ఒకే పోలికగా నుండును. అట్టి విశాల ప్రాంతములకు జీవమండలములని పేరు.

భూమధ్యరేఖ వద్ద సూర్యకిరణములు తిన్నగా పడును. వేడెక్కిన గాలి తేమతో పైకి లేచి, చల్లబడి, అక్కడనే కుండపోతగా కురియును. తేమ వదలుకొనిన ఆ గాలి ఉత్తర దక్షిణములకు సాగి సుమారు 30 డిగ్రీల అక్షాంశము వద్ద క్రిందికి దిగును. ఆ గాలిలో వాన లేదు. అందుచేత భూమధ్యరేఖ వద్ద మహారణ్యములును, 30 డిగ్రీల ప్రాంతమున గొప్ప ఎడారులును ఏర్పడినవి.

మొదటిది ఉష్ణమండల వర్షారణ్యము. దక్షిణ అమెరికాలో అమెజాన్, ఆఫ్రికాలో కాంగో, ఆసియాలో మలయా, ఇండొనేషియా ప్రాంతములు ఇట్టివి. అమెజాన్ అడవి ఒక్కటియే సుమారు 55 లక్షల చదరపు కిలోమీటర్లు. అంత దట్టమైన అడవి క్రింది నేల ఎంత సారవంతమో యని తోచును. నిజమునకు ఆ నేల చాలవరకు నిస్సారము. రాలిన ఆకును క్షణము వృథా పోనీయక వేళ్లు పీల్చివేయును. ఆస్తి యంతయు చెట్లలోనే యున్నది. చెట్లు నరికి పంట వేసినవారికి రెండుమూడేండ్లు పండి, పిదప నేల చవుడు వలె మిగులుటకు కారణమిది. మరియొక విచిత్రము: ఆ యడవికి కావలసిన భాస్వరములో కొంత అట్లాంటిక్ మహాసముద్రము నవలనున్న సహారా ఎడారినుండి గాలిదుమ్ముతో వచ్చి పడుచున్నది. అది ఏటికి సుమారు 22 వేల టన్నులని ఉపగ్రహముల సాయమున 2015లో శాస్త్రజ్ఞులు లెక్కించిరి. పచ్చని యడవికి ఎండిన యెడారి ఎరువు వేయుచున్నది.

రెండవది సవానా. అనగా చెట్లు పలుచగా నున్న ఉష్ణప్రదేశపు పచ్చికబయలు. ఆఫ్రికాలోని సెరెంగెటి దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము. అచ్చట జరిగినది పశువులు గల ప్రతి గ్రామమును వినదగిన కథ. ముసర వ్యాధి 1887 ప్రాంతమున ఈశాన్య ఆఫ్రికాలో ప్రవేశించి పదేండ్లలో దక్షిణపు కొసవరకు వ్యాపించెను. అనేక ప్రాంతములలో నూటికి 80, 90 పశువులు చచ్చెను. పశువులపై బ్రతుకు జాతులు కరవున పడెను. ఆ వ్యాధి అడవి పశువులకును సోకెను. వైల్డెబీస్టు అను, ఆవు తలయు దుప్పి కాళ్లును గలదానివలె కనబడు జంతువు సెరెంగెటిలో 1960వ దశకపు ఆరంభమున సుమారు 2.5 లక్షలు మాత్రమే యుండెను.

అప్పటికే చుట్టుప్రక్కల గ్రామములలో పశువులకు ముసర టీకాలు వేయుచుండిరి. అడవి జంతువులకు ఎవరును టీకా వేయలేదు. అయినను ఊరి పశువులలో వ్యాధి అడగగానే అడవిలోను అణగిపోయెను. వ్యాధికి నిలువనీడ ఊరి మందయే గాని అడవి మంద కాదని అందువలన తేలెను. వైల్డెబీస్టులు పెరిగి 1970వ దశకము చివరకు 12 లక్షలు దాటెను. అన్ని మూతులు మేయుటచే ఎండుగడ్డి మిగులలేదు. గడ్డి లేనందున ఏటేట రేగు కార్చిచ్చులు తగ్గెను. మంట తగ్గుటచే చిన్న మొక్కలు బ్రతికి చెట్లయ్యెను. పశువులపాకలో వేసిన సూదిమందు అడవిలో చెట్లను పెంచినది! రాబందుల కథలో మందు కీడు చేసెను; ఇచట మందు మేలు చేసెను. రెండు చోట్లను వలయొక్కటియే. భారతదేశము 2006లో ఈ వ్యాధినుండి విముక్తమైనట్లు గుర్తింపబడెను. 2011లో భూమిపై నుండియే అది నిర్మూలింపబడినట్లు ప్రకటించిరి.

మూడవది ఎడారి. ఏటికి 250 మిల్లీమీటర్లకు తక్కువ వాన పడు ప్రదేశములను సామాన్యముగా ఎడారు లందురు. సహారా సుమారు 92 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశపు వాయవ్యమున థార్ ఎడారి కలదు. మంగోలియాలోని గోబి చలియెడారి. ఎడారిలో ప్రతి ప్రాణియు నీటికి లోభియే. జెముడుమొక్క ఆకులను ముండ్లుగా మార్చుకొని కాండమున నీరు దాచును. ఒంటె మూపురములో నీరున్నదని లోకులందురు గాని అందున్నది క్రొవ్వు. అనంతపురమున సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అది ఎడారి కాదు. కాని చెట్టును, గడ్డిని, మన్నును పోగొట్టుకొనిన నేలపై ఆ వానయు నిలువక పారిపోవును. వాన తక్కువైన చోట నేలను కాపాడుకొనవలసిన అవసరము మరింత ఎక్కువ.

నాలుగవది సమశీతోష్ణ ప్రాంతపు పచ్చికబయలు. రష్యాలో స్టెప్పీలు, ఉత్తర అమెరికాలో ప్రెయిరీలు, అర్జెంటీనాలో పంపాలు ఇట్టివి. వేలాది యేండ్లు గడ్డివేళ్లు కుళ్లి యేర్పడిన నల్లనేల ప్రపంచమునకు గోధుమగాదె యైనది. అమెరికాలో రైతులు ఆ గడ్డిని మూలమట్టముగా దున్ని మైళ్ల కొలది గోధుమ వేసిరి. 1930వ దశకమున వరుసగా అనావృష్టి వచ్చెను. మన్నును పట్టియుంచు వేళ్లు లేనందున నేల గాలికెగిరెను. 1934 మే నెలలో ఆ దుమ్ము తూర్పున న్యూయార్కు నగరమునకును, సముద్రముపై ఓడలకును చేరెను. 1935 ఏప్రిల్ 14న పట్టపగలు చీకటి క్రమ్మెను. లక్షలాది కుటుంబములు ఇండ్లు విడిచి వలసపోయెను. ఆ యేడే అమెరికా ప్రభుత్వము నేల సంరక్షణకు చట్టము చేసెను. వాలునకు అడ్డముగా దున్నుట, గాలికి అడ్డముగా చెట్లవరుసలు నాటుట నాటినుండి ఉద్యమముగా నడచెను. ఒక అంగుళము పైమన్ను తయారగుటకు వందల యేండ్లు పట్టును. అది ఎగిరిపోవుటకు ఒక్క మధ్యాహ్నము చాలును.

ఇంకను ఉత్తరమునకు పోయినచో ఐరోపాలోను, తూర్పు అమెరికాలోను, చైనా, జపానులలోను ఆకురాల్చు అడవులు కనబడును. ఓకు, బీచి, మేపులు అచ్చటి వృక్షములు. చలికాలమున నేలలో నీరు గడ్డకట్టునప్పుడు ఆకులుండిన అపాయము గనుక ముందుగానే రాల్చివేయును. ఆపైన సైబీరియా, కెనడా, స్కాండినేవియా దేశములమీదుగా భూగోళమును చుట్టియున్నది టైగా యను సూదియాకు అడవి. భూమిపై అడవులలో మిక్కిలి విశాలమైనది ఇదియే. దేవాలయ గోపురమువలె చెట్లు పైకి సన్నబడియుండుటచే మంచు కొమ్మలపై నిలువక జారిపోవును.

చివరిది టండ్రా. అచ్చట చెట్లు లేవు. ఏటికి రెండు నెలలు మాత్రమే మొక్కలు పెరుగు కాలము. ఆ దినములలో సూర్యుడు రాత్రియు అస్తమింపడు. నాచు, గడ్డి, చిన్న పువ్వులు ఒక్కసారిగా లేచును. రెయిన్‌డీరు మందలు దిగును. అడుగుననున్న నేల మాత్రము ఏడాది పొడవున గడ్డకట్టియే యుండును. చచ్చిన మొక్కలు ఆ చలికి కుళ్లక వేలాది యేండ్లుగా ప్రోగుపడియున్నవి. ఇప్పుడు వాయుమండలమున నున్న బొగ్గు మూలకమునకు సుమారు రెండింతలు ఆ గడ్డకట్టిన నేలలో తాళము వేయబడియున్నది. భూమి వేడెక్కినకొలది ఆ తాళము వదులగుచున్నది. 1958లో హవాయి ద్వీపమున ఒక కొండపై గాలిని కొలుచుట ఆరంభించినప్పుడు పది లక్షల పాళ్లలో 315 పాళ్లు బొగ్గుపులుసు వాయువుండెను. నేడది 420 దాటినది. చూడని దేశములోని మంచు కరుగుటకును ఇచటి వానకారునకును సంబంధము లేదని ఎవరును అనుకొనరాదు. గాలికి సరిహద్దులు లేవు.

తెలుగునాటి అడవులు

తెలుగునాట ఎక్కువగా నున్నవి ఋతుపవనములపై ఆధారపడిన ఆకురాల్చు అడవులు. నల్లమలలో టేకు, నల్లమద్ది, యేగిస, వెదురు పెరుగును. ఐరోపా చెట్లు చలికి ఆకు రాల్చును. ఇచటి చెట్లు వేసవిలో నీరు పొదుపు చేయుటకై రాల్చును. పని ఒకటియే, కారణము వేరు. శేషాచలము మొదలైన కొండలలో సహజముగా పెరుగు ఎర్రచందనమునకు తూర్పుకనుమల దక్షిణభాగము తప్ప లోకమున మరియొక పుట్టినిల్లు లేదు.

కడప ప్రాంతపు ముండ్లపొదలను చూచినవారు వట్టి పనికిరాని బీడు అందురు. అచ్చట కలివికోడి యను పక్షి కలదు. పగలు పొదలలో దాగి రాత్రి తిరుగును. 1900 ప్రాంతమున కనబడిన పిదప మరల కనబడనందున నశించినదనియే పండితులు నిశ్చయించిరి. 1986 జనవరిలో లంకమల ప్రాంతమున అది బ్రతికియున్నట్లు తేలెను. ఆ పక్షిని ఎరిగి చూపగలిగినవారు ఆ యూళ్ల ప్రజలే. మరీ దట్టమైన అడవిలో అది యుండదు; మరీ బోడినేలపైనను ఉండదు. పలుచని పొదల నడుమ ఖాళీనేల కావలెను. పనికిరాని బీడని చదును చేసిన ప్రతి యెకరమును దానికి ఇల్లు లేకుండ చేయును.

కాకినాడ సమీపమున కోరింగలో మడ అడవులు కలవు. నదియు సముద్రమును కలియు బురదనేలలో ప్రాణవాయువు తక్కువ గనుక ఆ చెట్లు వేళ్లను మేకులవలె నేలపైకి పంపి ఊపిరి తీయును. రొయ్య, పీత, చేపపిల్లలు ఆ వేళ్ల నడుమ పెరిగి పెద్దవై సముద్రమున కేగును. 1999 అక్టోబరు చివరను ఒడిశాను ముంచిన మహాతుఫానులో కేంద్రపాడా జిల్లా గ్రామములను పరిశీలించిన శాస్త్రజ్ఞులు సముద్రమునకును ఊరికిని నడుమ మడ అడవి వెడల్పుగా నున్నచోట మరణములు తక్కువని కనుగొనిరి. అడవి అచ్చట గోడ వలె నిలిచెను.

చేయదగిన పని

ఇన్ని సంగతులు వినిన పిదప ఒక పల్లె యేమి చేయగలదను ప్రశ్న కలుగును. అమెజానును కాపాడుట గాని, టండ్రాను చల్లబరచుట గాని ఒక ఊరి వశములో లేదు. కాని ఊరి చెరువు ఊరి వశములో నున్నది. చేనిగట్టు రైతు వశములో నున్నది. మందు చల్లుటకు ముందు చేను దిగి సాలెపురుగులను లెక్కించుట, పశువునకు ఇచ్చు మందు పేరు అడుగుట, చెరువు పూడిక తీయునప్పుడు ఒడ్డున కొంత తూటిని విడిచిపెట్టుట ఎవరైనను చేయగల పనులే.

ఈ గ్రంథాలయము చేయదగిన పని మరియొకటి కలదు. ఇరువదియైదేండ్ల క్రిందట ఊరి చెరువునకు ఎన్ని రకముల పక్షులు వచ్చుచుండెనో, ఏ నెలలో కప్పలు అరచుచుండెనో, రాబందు చివరిసారి ఎప్పుడు దిగెనో ఎవరైనను నిశ్చయముగా చెప్పగలరా? పెద్దలు కొంత జ్ఞాపకము చెప్పుదురు గాని వ్రాసి యుంచిన పుట ఒక్కటియు లేదు. పోయినది పోయినదని తెలియుటకైనను ఉన్నప్పుడు వ్రాసి యుంచవలెను. పుస్తకములు ఇచ్చిపుచ్చుకొను రిజిష్టరు ప్రక్కన చెరువునకు ఒక రిజిష్టరు పెట్టవచ్చును. బడిపిల్లలు నెలకొకసారి గట్టుమీదికి పోయి చూచిన పక్షి, చేప, చెట్టు, నీటిమట్టము తేదీతో వ్రాయవలెను. తెలియని పక్షి పేరును చెరువుకాపరిని, గొర్రెలకాపరిని అడిగి వ్రాయవలెను. కలివికోడి సంగతి తెలిసినది అట్టివారికే కదా.

ఇంకొక ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగును. నేడు చాపలపై కూర్చున్న బాలురు, బాలికలు ఆనాడు పెద్దలై వేదికపై కూర్చుందురు. ఆ రిజిష్టరు తెరచి మొదటి పుటను, చివరి పుటను ప్రక్కప్రక్కన చదివినప్పుడు చెరువు నుండి తీసికొనిన దానిని ఊరు తిరిగి ఇచ్చినదో లేదో తేలిపోవును. అప్పటి పిల్లలకు ఆ లెక్క అప్పగింపవలసినవారు నేటి పిల్లలే.